బిమ్ మోడల్ స్టోర్ రూమ్ దాకా రావాలి

గ్రీన్ బిల్డింగ్ అనగానే అందరికీ గుర్తొచ్చేవి సోలార్ ప్యానెళ్లు, టెర్రస్ గార్డెన్. అవీ మంచివే. కానీ హైదరాబాద్ సైట్లలో బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్, అంటే కట్టబోయే భవనాన్ని ముందే కంప్యూటర్లో వివరాలతో సహా తయారుచేయడం) కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్న నేను గట్టిగా నమ్మేది వేరే ఉంది. అవసరం లేని కాంక్రీటు పోయకపోవడం, ఇనుము తుక్కులోకి పోకుండా చూడటం, ముందు జరగాల్సినవి ఇవి.

బిమ్ అంటే ఒట్టి త్రీడీ బొమ్మ కాదు. ప్రతి బీమ్, పైపు, కిటికీ తన కొలతలతో, మెటీరియల్ వివరాలతో సహా అందులో ఉంటుంది. కిటికీ సైజు మారిస్తే డ్రాయింగులూ లెక్కలూ దాంతోపాటే మారతాయి.

రాడ్ల సంగతే చూడండి. మామూలుగా సైట్‌కి వచ్చే రాడ్ పొడవు 12 మీటర్లు. బీముకి 4.6 మీటర్ల ముక్కలు కావాలనుకోండి, ఒక రాడ్‌లో రెండొస్తాయి, 2.8 మీటర్లు మిగులుతుంది. 16 ఎంఎం రాడ్ అయితే ఆ మిగిలింది 4.4 కిలోలు, అంటే రాడ్‌లో దాదాపు పావు వంతు! ఆ ముక్కలు బెండింగ్ యార్డులో ఓ మూల పేరుకుని, తుప్పు పట్టి, చివరికి పాత ఇనుము రేటుకి పోతాయి. రీఇన్‌ఫోర్స్‌మెంట్ (కాంక్రీటులో వేసే రాడ్లు) కూడా మోడల్‌లో పెట్టి ఉంటే, సపోర్టుల మీద వేసే ఎక్స్‌ట్రా రాడ్లకి 2.7 మీటర్లు చాలని ముందే కనిపిస్తుంది, రెండూ కలిపి కటింగ్ లిస్టు తీయొచ్చు. అయితే ఆ లిస్టు మేస్త్రీ రాడ్ కోయకముందే అతని చేతికి, అతనికి అర్థమయ్యేలా అందాలి. చాలాచోట్ల మోడల్ ఆఫీసు కంప్యూటర్లోనే ఆగిపోతోంది, నా బాధంతా అదే.

కోర్ కటింగ్, అంటే గట్టిపడిన కాంక్రీటుకి తర్వాత రంధ్రం కోయడం, కూడా ఇలాగే ముందే తప్పించొచ్చు. డ్రెయిన్ పైపు బీమ్‌కి అడ్డొస్తోందని క్లాష్ చెక్‌లో (ఏది దేనికి అడ్డొస్తోందో మోడల్‌లో చూసుకోవడం) దొరికితే, పైపు దారి మార్చడమో, స్ట్రక్చరల్ ఇంజనీర్ ఒప్పుకుంటే సెంట్రింగ్ దశలోనే స్లీవ్ (పైపు వెళ్లేందుకు ఖాళీ ఉంచే గొట్టం) పెట్టడమో చేయొచ్చు.

ఇక సిమెంటు. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దీని వాటా 7-8 శాతం, అందులో సగానికి పైగా సున్నపురాయిని కాల్చేటప్పుడు ఆ రాయిలోంచే వస్తుంది కాబట్టి బొగ్గు మానేసినా అది తప్పదు. అందుకే స్లాగ్ (ఉక్కు ఫ్యాక్టరీల నుంచి వచ్చే చిట్టెం), ఫ్లై యాష్ (థర్మల్ కేంద్రాల బూడిద) కలిపిన సిమెంటు వాడమంటారు. కానీ స్లాగ్ ఎక్కువైతే తొలి రోజుల్లో బలం నెమ్మదిగా వస్తుంది, సెంట్రింగ్ విప్పడం ఆలస్యమవుతుంది, దాంతో సైట్ ఇంజనీర్‌కి టెన్షన్. ఇక్కడ షెడ్యూల్‌ని మోడల్‌కి కలిపి చూడటం బాగా పనికొస్తుంది. పై అంతస్తుల స్లాబులకి తొందర ఉంటుంది, కింద రాఫ్ట్‌కి (పునాదిగా వేసే మందపాటి స్లాబుకి) అంత ఉండదు, పైగా మందమైన రాఫ్ట్‌లో వేడి తక్కువ పుట్టడమే మనకి కావాలి. కాబట్టి స్లాగ్ ఎక్కువున్న మిక్స్ రాఫ్ట్‌కి పెట్టి, పైన తగ్గించుకోవచ్చు. ఏ అంతస్తుకి ఎన్ని ఘనపు మీటర్లో మోడలే చెప్తుంది కాబట్టి కార్బన్ లెక్క కూడా అక్కడికక్కడే తేలుతుంది.

ఇదంతా జరగాలంటే కాంట్రాక్టులోనే రాసుకోవాలి: సైట్‌లో మార్పు జరిగితే మోడల్‌లో ఎవరు దిద్దాలి, ఎన్నాళ్లకోసారి, స్టోర్ కీపర్‌కి లెక్క ఎవరివ్వాలి అని. హ్యాండోవర్‌లో పీడీఎఫ్‌లతో సరిపెట్టుకోకుండా కట్టింది కట్టినట్టున్న మోడల్‌ని ఐఎఫ్‌సీ అనే ఓపెన్ ఫార్మాట్‌లో కూడా అడిగి తీసుకోండి, అలాగైతే రేపు మెయింటెనెన్స్ వాళ్లు వేరే సాఫ్ట్‌వేర్ వాడినా అది తెరుచుకుంటుంది.