టేపుకి రెండో వైపు

2023 శ్రావణం. వరలక్ష్మీ వ్రతానికి ఇవ్వాల్సిన జాకెట్లు నలభై పైనే ఉన్నాయి. అంతకు పదిరోజుల ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి, ఆ నీరసమే అనుకున్నా. మిషను తొక్కుతుంటే కాలి చెప్పు జారిపోయింది. జారిన సంగతి నాకు తెలియలేదు, మా అమ్మాయి చూసి చెప్పింది. మర్నాటికి అరికాళ్లలో తిమ్మిరి, ఆ మర్నాటికి మోకాళ్లలో పట్టు లేదు. మా వీధి డాక్టరు బలానికని రెండు రోజులు సూదులు పొడిచాడు. మూడో రోజు బాత్రూములో కూలబడిపోతే మావారు తలుపు విరగ్గొట్టి ఎత్తుకొచ్చారు.

తెనాలి నుంచి గుంటూరు. వెన్నులోంచి నీరు తీశారు, నరాలకి కరెంటు పరీక్ష చేశారు, గులియన్ బారీ సిండ్రోమ్ అన్నారు. క్రిములతో పోరాడాల్సిన శక్తి పొరబడి మన నరాల మీదే పడుతుందట. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందట. ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు ఎక్కించాలి, కిలో బరువుకి 0.4 గ్రాముల చొప్పున, రోజూ, ఐదు రోజులు. నేను 60 కిలోల మనిషిని. ఒళ్లు చేసినందుకు అంత డబ్బు కట్టాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. నా గాజులు, అమ్మ గొలుసు బ్యాంకుకి వెళ్లాయి.

రెండో రాత్రి మాత్రం చెప్పుకోవాలి.

ఈ జబ్బులో బుర్రకేం కాదు, చెవులకేం కాదు. నాకు మొహం కూడా పట్టు తప్పడంతో రెప్పలు మూతపడక, కళ్లు ఎండిపోకుండా ప్లాస్టరు వేసి మూశారు. ఇక ఉన్నవి చెవులే. గంటగంటకీ నర్సమ్మ వచ్చి, "గట్టిగా ఊపిరి తీసుకుని, మళ్లీ తీసుకోకుండా ఎంతదాకా లెక్కపెట్టగలవో పెట్టమ్మా" అనేది. ఊపిరి ఆడించే కండరాలు ఎంత పనిచేస్తున్నాయో దాన్నిబట్టి తెలుస్తుందట. సాయంత్రం 24. పదింటికి 19. ఒంటిగంటకి 14. తర్వాత 11.

అప్పుడొచ్చాడు డ్యూటీ డాక్టరు. నా తల దగ్గరే నిలబడి పక్కనున్న కుర్రాడితో అన్నాడు: "వెంటిలేటర్ ఏది ఖాళీగా ఉందో చూసి ఉంచు. ఈవిడ తెల్లారేదాకా ఆగేలా లేదు."

ఆయన అన్నది నా ఊపిరి గురించి. నాకు వినిపించింది నా గురించి. వెంటనే దేవుడు గుర్తురాలేదు. కత్తిరించి సంచిలో పెట్టిన జాకెట్టు ముక్కలు ఎవరెవరివో ఇంట్లో ఎవరికీ తెలియదే అనుకున్నా. ఆ తర్వాత మా అమ్మాయి. ప్లాస్టరు కింద కన్నీళ్లు నిండి అది ఊడొచ్చింది. నర్సమ్మ తుడిచి కొత్తది వేసి, నా చేయి పట్టుకుని తనూ నాతోపాటు లెక్కపెట్టింది. నాలుగింటికి 11. ఆరింటికి 12. వెంటిలేటర్ అవసరం పడలేదు.

ఆ డాక్టరు ముందుజాగ్రత్తని నేను తప్పుపట్టను. కానీ ఆ మాట నాలుగడుగులు అవతలికెళ్లి అనొచ్చుగా! ఇప్పటికీ మంట చల్లారలేదు. నర్సమ్మ మొహం నేను చూడనేలేదు, గోదారి వైపు యాస ఒక్కటే గుర్తు. ఎక్కడైనా ఆ గొంతు వినపడితే ఊరికే రెండు జాకెట్లు కుట్టిపెడతాను.

ఇంటికొచ్చాక అసలు కష్టం. చేతులు నెమ్మదిగా వచ్చాయి, కాళ్లు రాలేదు. చూడటానికొచ్చిన వాళ్లంతా "పాజిటివ్‌గా ఆలోచించు" అనేవాళ్లు. మా బంధువు ఒకావిడైతే "కూర్చున్నచోటికే అన్నీ వస్తున్నాయి, అదృష్టవంతురాలివి" అంది. మంచం దిగలేను కాబట్టి ఊరుకున్నా.

రెండు నెలలకి చూపించుకోవడానికి వెళ్తే న్యూరాలజీ డాక్టరు గారు విడమరిచి చెప్పారు. నాకు నరం మీది పొరతోపాటు లోపలి తీగ కూడా దెబ్బతిందట, అది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుందట. ఇంటికొచ్చి టేపుతో మోకాలి నుంచి పాదం దాకా కొలిచా. పదిహేను అంగుళాలు. అంగుళానికి పాతిక రోజులు. ఏడాది పైమాటే! ఆ రోజు అన్నం తినలేదు.

టేపు మంచం మీదే పడి ఉంది. మర్నాడు పొద్దున చూస్తే తిరగబడి సెంటీమీటర్ల వైపు పైకి ఉంది. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నా ఆ వైపు ఎప్పుడూ చూసింది లేదు, మాకంతా అంగుళాలే. సన్నగీతలు, దగ్గరదగ్గరగా, దోమకాళ్లలా. రోజుకి ఒక గీత. అంగుళాల్లో కదలనే కదలనిది ఇటు చూస్తే రోజూ కదులుతోంది. మావారితో టేపుని మంచం ఎదుట గోడకి కొట్టించి, దానికో పిన్నీసు పెట్టించా. రోజూ దీపం పెట్టాక మా అమ్మాయి పిన్నీసుని ఒక గీత జరిపేది. లోపల నరం నిజంగా ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికీ కనపడదని మాకూ తెలుసు. అయినా జరిపేవాళ్లం. 118వ గీత దగ్గర కుడి చీలమండ కదిలింది.

అమ్మ మాత్రం అది మంగళగిరి పానకాలస్వామి చలవే అంటుంది. మొక్కుకుని బిందెడు పానకం పోయించింది. పోసినదాంట్లో సగం తాగి సగం మనకే వదిలేస్తాడు కదా స్వామి. నా కుడికాలు ఇచ్చి ఎడమ పాదం ఇంకా తన దగ్గరే ఉంచుకున్నాడని నేనంటే లెంపలేసుకోమంటుంది. వేసుకున్నా.

2025 జనవరిలో పుణెలో ఈ జబ్బు చాలామందికి వచ్చిందని టీవీల్లో హోరెత్తినప్పుడు తెలిసినవాళ్లంతా నాకు ఫోన్లు చేశారు. అందరికీ చెప్పింది ఒకటే. తిమ్మిరి పాదాల్లో మొదలై రోజురోజుకీ పైకి పాకుతుంటే బలం సూదులంటూ రోజులు పోగొట్టుకోకండి, న్యూరాలజీ డాక్టరున్న ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి ఆడకపోయినా, మింగుడు పడకపోయినా అర్ధరాత్రయినా ఆగొద్దు.

మిషనుకి మోటారు పెట్టించాను, కుడికాలితో నడుస్తోంది. మొన్న ఒకమ్మాయి జాకెట్టు వెనక్కి తెచ్చింది, చంక దగ్గర పట్టేస్తోందని. టేపు తిప్పి కొలిచి రెండు గీతలు వదలాలన్నాను.

"రెండు గీతలేగా అక్కా, ఉండనీలే" అంది.

నేనప్పటికే కుట్లు విప్పుతున్నాను.