అసలు బ్రహ్మకమలం దగ్గర

మా ఇంట్లో బ్రహ్మకమలం పూసిన రాత్రి పండుగే. అమ్మ ఇరుగుపొరుగు వాళ్లను పిలిచి పువ్వుకు హారతి ఇస్తుంది. తెల్లారేసరికి అది వాడి తల వేలాడేస్తుంది. ఉత్తరాఖండ్‌లోని పూలలోయకు బయలుదేరుతుంటే అమ్మ అడిగింది ఒక్కటే: "హిమాలయాల్లో అది ఎలా పూస్తుందో చూసి రా."

ఆగస్టు చివరి వారం. గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా వరకు జీపులో వెళ్లి, అక్కడి నుంచి ఘాంఘ్రియాకు దాదాపు 10 కిలోమీటర్లు వానలోనే నడిచాం.

మర్నాడు పొద్దున్నే జాతీయ ఉద్యానం గేటు దగ్గర అనుమతి చీటీ తీసుకున్నాం. లోపల రాత్రి బస చేయనివ్వరు. పుష్పవతి నది దాటాక దారి పక్కన భోజపత్ర చెట్లు కనిపించాయి. మన పెద్దలు రాతకు వాడిన భూర్జపత్రం ఇదే. తెల్లటి బెరడు పొరలు పొరలుగా లేచి గాలికి రెపరెపలాడుతోంది. ఒక పొర మీద వేలు ఆనించి చాలాసేపు నిలబడిపోయాను.

లోయలోకి అడుగుపెట్టాక గులాబీ రంగు బాల్సమ్ పూలు ఛాతీ ఎత్తున కమ్ముకున్నాయి. చొక్కా చేయి తగిలిందో లేదో ఒక పచ్చికాయ టప్పున చిట్లింది. తొక్కలు చుట్ట చుట్టుకుపోయి, గింజలు ముంజేతి మీద చిన్న రాళ్లలా పడ్డాయి. చిన్నప్పుడు పెరట్లో ఆడుకున్న ఆటే అది!

1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలోకి వచ్చింది. 1939లో మొక్కల సేకరణకు వచ్చిన జోన్ మార్గరెట్ లెగ్ కొండవాలు మీద జారిపడి ఇక్కడే చనిపోయింది. ఆమె సమాధి చుట్టూ ఇప్పటికీ పూలే. ఒంటరిగా ఇంత దూరం వచ్చిన ఆమెను తలచుకుంటే గొంతు పట్టేసింది.

అయితే, అంతటి లోయలోనూ అమ్మ అడిగిన పువ్వు మాకు కనబడలేదు. "అది ఇంకా పైన, సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ దారిలో ఉంటుంది" అన్నాడు మా గైడు.

ఆ మర్నాడు ఆరు కిలోమీటర్ల నిట్టనిలువు ఎక్కుడు. నాలుగు వేల మీటర్లు దాటాక పది అడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది. అక్కడ, మంచులో తడిసిన బండల సందున, గైడు చేయి చూపించాడు.

మోకాళ్ల మీద కూర్చుని చూశాను. పసుపు కలిసిన లేతాకుపచ్చ దొప్పలు, ఉల్లిపొరంత పలుచగా, దీపానికి అరచేతులు అడ్డుపెట్టినట్టు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. అవి రేకులు కావు. వాటి నడుమ ముదురు ఊదారంగు గుత్తి ఉంది, అసలు పూలు అవే. చలిగాలి నుంచి ఆ పూలను కాపాడేవి ఈ దొప్పలే. ఇది చామంతి కుటుంబం మొక్క. మా కుండీలోది అమెరికా ఖండం నుంచి వచ్చిన కాక్టస్ జాతి. పేరు తప్ప రెండింటికీ చుట్టరికం లేదు. కోయకూడదు కాబట్టి ఫొటో తీసుకుని లేచాను.

ఇంటికి వచ్చి చూపిస్తే అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ఫోను చాలాసేపు చేతిలోనే ఉంచుకుంది. "చలికి ముసుగేసుకుందిరా, పాపం" అంది. తర్వాత వరండాలోకి వెళ్లి, ఎప్పటిలాగే మా కుండీలో చెంబెడు నీళ్లు పోసింది.