నర్సమ్మ బొమ్మ కోసం పదకొండు నెలలు: నా అనుభవం

నిన్న, 2024 మార్చి 3, పల్స్ పోలియో ఆదివారం. ఈసారి బూత్ మా ఊరి వాటర్ ట్యాంకు దగ్గర వేశారు. బల్ల మీద టీకా మందు నీలం పెట్టె. దాని వెనక గోడ మీద అదే నీలం పెట్టె భుజాన వేసుకుని మా నర్సమ్మ. చూసి ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. వేరే ఊళ్లో ఎవరైనా ఇలాంటి పని తలపెడితే మేం పడ్డ తిప్పలు వాళ్లు పడకూడదని రాస్తున్నా. నాకు కోపం కూడా ఉంది. అదీ రాస్తాను.

మాది రేపల్లె వైపు, కాలవ కింద ఊరు. నర్సమ్మ అంటే మా సబ్‌సెంటర్ ఏఎన్‌ఎం. 1983లో వచ్చింది, 2016లో రిటైరైంది, ఆ తర్వాతా ఊరు వదల్లేదు. సొంతూరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. చివరిదాకా ఆ యాస పోలేదు. సెలవుకి వెళ్లొస్తే పలాస జీడిపప్పు తెచ్చి బాలింతలున్న ఇళ్లకి తలా గుప్పెడు పంచేది. రెండుసార్లు బదిలీ ఆర్డరొస్తే రెండుసార్లూ మా పెద్దవాళ్లు లారీ ఎక్కి వెళ్లి ఆపించుకొచ్చారు. 1985లో నేను పుట్టింది ఆవిడ చేతుల్లోనే. 2022 సంక్రాంతి వెళ్లిన వారానికి ఆవిడ పోయింది. ఆ రోజు మా ఊళ్లో ఏ కొట్టూ తెరవలేదు. ఎవరూ మూయమని చెప్పలేదు.

విగ్రహం పెడదామన్న మాట మా డ్వాక్రా మీటింగులోనే పుట్టింది. 2023 ఏప్రిల్ 14న గ్రామసభలో తీర్మానం అయింది, ఒక్కరు కూడా కాదనలేదు. డబ్బుకి కూడా ఇబ్బంది రాలేదు. పన్నెండు గ్రూపులు, 120 మంది ఆడవాళ్లం, తలా 200 వేసుకుంటే మొదటి నెలలోనే 24,000. మగవాళ్లు ఇంకా అరుగు మీద కూర్చుని లెక్కలు వేస్తుండగానే మా లెక్క బ్యాంకులో పడింది. ఇది గర్వంగానే చెప్పుకుంటాను. తెనాలి వెళ్లి విగ్రహాలు చేసేవాళ్లని కలిశాం. ఫైబర్‌లో నిలువెత్తుది 1,20,000 అన్నారు. కంచుది మాకందే మాట కాదు. ముందు బంకమట్టితో ముఖం చేసి చూపిస్తామనీ, ఇంటివాళ్లు సరేనన్నాకే అచ్చు తీస్తామనీ చెప్పారు. మంచి మనుషులు. పర్మిషన్ కాయితం చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి అన్నది కూడా వాళ్లే. ఆ మాట వినబట్టి డబ్బు మిగిలింది.

ఇక పర్మిషన్. పంచాయతీ తీర్మానం, ఫొటోలు, మూడు రోడ్ల కూడలి కొలతలు వేసిన కాయితం, అన్నీ ఫైలులో పెట్టుకుని నేనూ, మా సమాఖ్య అధ్యక్షురాలు వదినా, తోడుగా మా మరిదీ ఒక ఆఫీసుకి వెళ్లాం. ఏ ఆఫీసో చెప్పను. బల్ల వెనకాయన ఫైలు నా చేతిలోంచే తీసుకున్నాడు, మాట్లాడింది మాత్రం మా మరిదితో.

"ఎవరి విగ్రహం?"

"నర్సమ్మదండీ" అన్నాను నేను.

"ఏ పార్టీ?" మళ్లీ మా మరిదినే అడిగాడు.

"పార్టీ కాదండీ. మా ఊళ్లో నర్సుగా చేసింది."

"సరేలే. ఏమిటోళ్లు ఆవిడ?"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నోట మాట రాలేదు. "మాకు తెలియదండీ" అంది మా వదిన. ఆయన నవ్వాడు. ముప్పై మూడేళ్లు ఊళ్లో ఉన్న మనిషి కులం తెలియదంటే ఎవరు నమ్ముతారమ్మా అన్నాడు. ఊళ్లో తెలిసినవాళ్లు ఉండే ఉంటారు. నాకు మాత్రం నిజంగా తెలియదు. దూరం నుంచి వచ్చిన మనిషి, ఇంటిపేరు చూస్తే మా వైపు పేరు కాదు. ఆవిడ మా అందరి ఇళ్లలో వంటగది దాకా వచ్చేది, మేం ఆవిడ ఇంట్లో వంటగది దాకా వెళ్లేవాళ్లం. అడగాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది?

"అది లేకుండా రిపోర్టు ఎట్లా రాస్తాం? రేపు ఇంకో కులంవాళ్లొచ్చి మాదీ పెట్టాలంటే గొడవ. అసలే ఎలక్షన్లు వస్తున్నాయి. కనుక్కుని రండి" అని ఫైలు తిరిగిచ్చేశాడు.

దారిలో ముగ్గురం మాట్లాడుకోలేదు. సాయంత్రం హైదరాబాద్‌లో ఉన్న నర్సమ్మ కూతురికి ఫోన్ చేశాను. ఎలా అడగాలో తెలియక జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా అమ్మ కులం రాస్తేనే పెట్టనిస్తామంటే విగ్రహం వద్దులే అక్కా" అంది. అంతే. నేను ఇంకేమీ అడగలేదు.

రెండోసారి వెళ్లి, ఇంటివాళ్లు చెప్పడం లేదండీ, ఆ గడి ఖాళీగా వదిలేయండి అన్నాం. తర్వాత తెలిసింది, అసలు అలాంటి గడే లేదు. తెల్లకాయితం మీద ఆయన సొంతంగా రాసుకుంటున్నాడు. ఫైలు ఉంచుకుని పంపాడు. మూడోసారి వెళ్తే ఫైలు కనపడ్డం లేదన్నారు. మా మండలం గుంటూరు నుంచి బాపట్ల జిల్లాలోకి మారింది కదా, పాత ఆఫీసుకి వెళ్లిందేమో కనుక్కోండి అన్నారు. జిల్లాలు మారింది 2022 ఏప్రిల్‌లో. మేం ఫైలు ఇచ్చింది 2023 జూన్‌లో. ఆ మాట నేను పైకే అన్నాను. "బయట కూర్చోండి" అన్నారు. మెట్ల కింద బల్ల మీద పదిన్నర నుంచి మూడింటి దాకా కూర్చున్నాం. మా వదినకి షుగరు. ఇంటి నుంచి తెచ్చుకున్న రెండు ఇడ్లీలు ఆ మెట్ల కిందే పైట చాటున తింది. నాలుగు గ్రూపులకి లెక్కలు రాసే మనిషి, బ్యాంకు మేనేజర్ లేచి కుర్చీ చూపించే మనిషి.

మూడింటికి లోపలికి పిలిచాడు. ఫైలు ఆయన బల్ల మీదే, టీ గ్లాసు కింద ఉంది. తీర్మానం కాయితం మీద గ్లాసు మరక గుండ్రంగా పడింది. ఆయన అన్నమాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"నర్సులకి విగ్రహాలేంటమ్మా? జీతం తీసుకునే కదా చేసింది?"

అప్పుడు నాకు జవాబు దొరకలేదు. బస్సులో దొరికింది, ఏడుపుతో పాటు. ఇక్కడ రాస్తాను.

2009 అక్టోబరు. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకి పైగా వదిలిన వరద. సగం ఊరు హైస్కూల్ మేడ మీద ఉంది. కరెంటు లేదు. రెండో రాత్రి ఒకమ్మాయికి నొప్పులొచ్చాయి. పడవ దొరికేసరికి తెల్లారుతుంది. నర్సమ్మ మగవాళ్లందరినీ అవతలి గదిలోకి పంపి, మా నలుగురి చేత చీరలు తెరలా పట్టించింది. సెల్‌ఫోన్ల వెలుగులో కాన్పు చేసింది. బ్లేడూ దారం కట్టెల పొయ్యి మీద మరగబెట్టింది నేనే. అప్పటికి ఆవిడ ఇల్లు కూడా నడుం లోతు నీళ్లలో ఉంది, సామాను కోసం ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ రాత్రి పుట్టిన పిల్లకి ఇప్పుడు పద్నాలుగేళ్లు. అది ఏ జీతంలో లెక్కో ఆ బల్ల వెనకాయన చెప్పాలి.

ఆ తర్వాత నెలరోజులు నేను మీటింగుకి కూడా సరిగా వెళ్లలేదు. డిగ్రీ చదివే మా పెద్దమ్మాయి పట్టుబట్టి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయించింది. మండల ఆఫీసుకి ఐదు రూపాయలు, ఆ పైవాటికి పది. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇచ్చారు. కవర్లో వచ్చింది ఒక పాత జీవో నకలు. మా అమ్మాయి వాకిట్లో కూర్చుని ఇంగ్లీషు చదివి తెలుగులో చెబుతుంటే నేనూ మా వదినా విన్నాం. కేరళలో ఒక రోడ్డు కూడలిలో నాయకుడి విగ్రహం మీద నడిచిన వ్యవహారంలో 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చిందట. రోడ్ల మీద, కాలిబాటల మీద, ప్రజలు వాడుకునే స్థలాల్లో కొత్తగా విగ్రహాలకు గానీ కట్టడాలకు గానీ ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. ఆ మరుసటి నెలే మన రాష్ట్రం దాని మీద జీవో 18 ఇచ్చింది.

అంటే కూడలిలో విగ్రహానికి అసలు పర్మిషనే లేదు. ఆ మొదటి రోజే ఈ ఒక్క కాయితం చూపించి ఉంటే అయిదు నిమిషాల్లో లేచి వచ్చేవాళ్లం. కులం అడగక్కర్లేదు, మెట్ల కింద కూర్చోబెట్టక్కర్లేదు. ఆయనకి జీవో తెలియదా, తెలిసే మమ్మల్ని తిప్పాడా అన్నది నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. తెలియకపోతే ఆ కుర్చీలో ఎందుకున్నట్టు? తెలిస్తే అది ఇంకా పెద్ద తప్పు.

కానీ అదే ఉత్తర్వులో ఇంకో వాక్యం ఉంది. మా అమ్మాయి దాన్ని రెండుసార్లు చదివింది. వీధి దీపాలకి, రోడ్ల అభివృద్ధికి, సుందరీకరణకి ఇది వర్తించదు. "గోడ మీద బొమ్మ వేస్తే అది విగ్రహమూ కాదు, కట్టడమూ కాదు కదమ్మా" అంది. వాటర్ ట్యాంకు ప్రహరీ గోడ పంచాయతీది. సర్పంచ్ గారు ఆ వారంలోనే ఇంకో తీర్మానం చేయించారు. ఏ ఆఫీసుకీ వెళ్లలేదు. మీరు కూడా ముందు మీ పంచాయతీ సొంత గోడలేవో చూసుకోండి, విగ్రహం ఆలోచన తర్వాత. ఆఫీసుకి వెళ్లక తప్పకపోతే ఇన్‌వార్డు నంబరు, అంటే కాయితం అందినట్టు వాళ్లు రిజిస్టరులో రాసుకునే నంబరు, వేయించుకోకుండా ఒక్క కాయితం కూడా వదలొద్దు.

గోడ 40 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు. బొమ్మ వేసే కుర్రాడు తెనాలి నుంచి వచ్చాడు, చదరపు అడుగుకి 120 చొప్పున 43,200. మా 24,000 పోను మిగతాది దుబాయ్‌లో, అమెరికాలో ఉన్న మా ఊరి పిల్లలు పంపారు. పంపినవాళ్లలో ఒకాయన గోడ మీద 'సౌజన్యం' అని తన పేరు రాయమన్నాడు. డబ్బు వెనక్కి పంపేశాం. గోడకి ఉప్పు పట్టి కింది రెండడుగులు పెచ్చులూడుతోంది. మా వైపు ప్రతి గోడా అంతే. ఆ రెండడుగులూ ముదురు రంగు పట్టీ వేసి వదిలేయించాం, బొమ్మ దాని పైన మొదలవుతుంది. పని సంక్రాంతి వెళ్లాక పెట్టుకున్నాం. వానల్లో మాత్రం పెట్టుకోవద్దు.

కుర్రాడు గళ్లు గీసి బొగ్గుతో ముందు గీత గీశాడు. సాయంత్రం ఆడవాళ్లం పాతికమందిమి వెళ్లి చూశాం. ముఖం బాగానే కుదిరింది, కళ్లజోడుకి కట్టిన నల్ల దారం కూడా పెట్టాడు. అయినా ఏదో తేడాగా ఉంది. ఎవరికీ అంతు చిక్కలేదు. మా వీధి చివరి ముసలమ్మ దగ్గరికెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి, "ఎడం భుజం దించు నాయనా" అంది. నిజమే. నాలుగు ఐసు ప్యాకులున్న ఆ పెట్టె అన్నేళ్లు ఎడం భుజానే మోసి మోసి ఆవిడ ఆ పక్కకి కాస్త ఒరిగి నడిచేది. కుర్రాడు చెరిపి భుజం రెండంగుళాలు దించాడు. అప్పుడొచ్చింది మనిషి. వెనక నుంచి ఎవరో వెక్కి ఏడ్చారు.

పక్కన వరసగా ఇళ్ల తలుపులు వేయించాం, ప్రతి తలుపు మీదా సుద్దతో రాసినట్టు ఇంగ్లీషు 'పి' అక్షరం. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే 'పి', ఎవరైనా మిగిలితే 'ఎక్స్'. నర్సమ్మ 'ఎక్స్' రాసిన ఇంటికి అది 'పి' అయ్యేదాకా తిరుగుతూనే ఉండేది. 2014 మార్చిలో దేశంలో పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చినప్పుడు ఆ పేపర్ ముక్క కత్తిరించి సబ్‌సెంటర్ తలుపుకి అంటించింది. బొమ్మలో చివరి తలుపు మీద అది కూడా ఉంది. కింద ఆవిడ పేరు, 1983–2016 అని అంకెలు. ఇంకేమీ రాయలేదు. దండ వద్దని కూతురు ముందే చెప్పింది, మేకు కూడా కొట్టలేదు.

నిన్న పొద్దున హైదరాబాద్ నుంచి ఆ అమ్మాయి వచ్చింది. రిబ్బన్ లేదు, మైకు లేదు. బూత్ దగ్గర మొదటి బిడ్డకి రెండు చుక్కలు తనే వేస్తానంటే ఇప్పటి ఏఎన్‌ఎం పక్కకి జరిగింది. వరద రాత్రి పుట్టిన పిల్ల పసివాళ్ల చిటికెన వేళ్లకి ఇంకు గుర్తు పెడుతూ మధ్యాహ్నం దాకా అక్కడే ఉంది.

ఈ నెలలోనే ఎలక్షన్ కోడ్ వస్తుందంటున్నారు. కోడొస్తే గోడల మీద బొమ్మలకి సున్నం కొట్టుకుంటూ పోతారు. సర్పంచ్ గారి చేత, సెక్రటరీ గారి చేత సంతకాలు పెట్టించి తీర్మానం, జీవో నకలు రెండూ లామినేషన్ చేయించాం. ట్యాంకు మోటారు గదిలో తగిలించి ఉన్నాయి. ఒక తాళంచెవి మా వదిన దగ్గర, ఇంకోటి నా దగ్గర. సున్నం బకెట్టుతో ఎవరొచ్చినా ముందు మమ్మల్ని పిలవమని బడ్డీ కొట్టబ్బాయికి చెప్పి ఉంచాం.