ట్రైలర్ టైరు అరగకముందే ముసలిదవుతుంది

మా ట్రావెల్ ట్రైలర్‌కు, అంటే మరో బండి వెనక లాక్కెళ్లే చక్రాల ఇంటికి, ఈసారి నాలుగు టైర్లూ ఒకేసారి మార్చాను. వాటిలో ఒక్కటి కూడా అరిగిపోలేదు. గాడుల లోతు చూస్తే సగానికి పైగా మిగిలే ఉంది. అయితే నేల మీద వెల్లకిలా పడుకుని, టార్చ్‌లైటు వేసి లోపలి వైపు పక్కగోడను పరిశీలించినప్పుడు, రిమ్ముకు కాస్త పైన వెంట్రుకవాసి పగుళ్లు వలయంలా కనిపించాయి. బొటనవేలితో నొక్కితే అవి నోరు తెరిచాయి. వాటి పక్కనే, డీఓటీ (అమెరికా రవాణా శాఖ గుర్తు) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర, 1117 అనే అంకెలు ఉన్నాయి. అంటే ఆ టైరు 2017వ సంవత్సరం 11వ వారంలో తయారైందన్నమాట. ఈ నాలుగు అంకెలు చాలాసార్లు ఒక పక్కగోడ మీదే ఉంటాయి కాబట్టి, బయటివైపు కనిపించకపోతే బండి కిందికి దూరి వెతకక తప్పదు.

రోజూ తిరిగే కారు టైరు అరిగి పోతుంది. ట్రైలర్ టైరు మాత్రం ఎక్కువగా నిలబడి పాడవుతుంది. ఓజోన్ నుంచి, ఎండ నుంచి కాపాడటానికి రబ్బరులో కలిపే మైనం వంటి పదార్థాలు, టైరు తిరుగుతూ వంగుతూ ఉన్నప్పుడే ఉపరితలానికి చేరతాయి. నెలల తరబడి ఒకేచోట నిలిచిపోయిన బండికి ఆ రక్షణ అందదు. అందుకే గాడులు ఎంత మిగిలి ఉన్నా ఐదారేళ్లకు మార్చడమే క్షేమమని నేను గట్టిగా నమ్ముతున్నాను. స్టెప్నీ వాడకపోయినా దానికీ వయసు మీద పడుతుంది.

కొనేటప్పుడు కూడా మొదట చూడవలసింది ఆ అంకెలే. దుకాణంలో నాకు ముందుగా చూపించిన టైర్లు ఒక్కసారీ రోడ్డెక్కనివే, కానీ తయారై రెండేళ్లు దాటింది. ఆరేళ్ల ఆయుష్షులో మూడో వంతు గోదాములోనే గడిచిపోయిన టైరుకు పూర్తి ధర చెల్లించడం న్యాయంగా తోచక, వేరే సరుకు వచ్చేదాకా ఆగాను.

వయసు తరువాత తేల్చుకోవలసినది బరువు. ట్రైలర్ కంపెనీ చెప్పే ఖాళీ బరువును నమ్ముకోకూడదు. ప్రయాణానికి సర్దుకున్నట్టే అన్నీ సర్ది, నీళ్ల ట్యాంకు నింపి తూకం వేయించాలి. 150 లీటర్ల ట్యాంకు ఒక్కటే 150 కిలోలు. వీలైతే ఒక్కో చక్రాన్ని విడిగా తూచడం మేలు, ఎందుకంటే వంటగది, ఫ్రిజ్ ఉన్న వైపు చక్రాలు రెండో వైపు వాటికన్నా ఎక్కువ మోస్తాయి. అలా తేలిన అతి పెద్ద అంకెకు పైన కొంత వెసులుబాటు ఉండేలా టైరును ఎంచుకోవాలి. ఉదాహరణకు ఎస్‌టీ (ట్రైలర్ల కోసమే చేసిన రకం) 225/75 ఆర్ 15 సైజులో లోడ్ రేంజ్ (బరువు మోసే స్థాయిని తెలిపే అక్షరం) సి టైరు 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) వద్ద 975 కిలోలు, డి టైరు 65 వద్ద 1,150, ‘ఇ’ (E) టైరు 80 వద్ద 1,285 కిలోలు మోస్తాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు: ‘ఇ’ టైరు వేయించి, పాత అలవాటు కొద్దీ 50 పీఎస్‌ఐ గాలి మాత్రమే కొట్టిస్తే, అది సి టైరు మోసేంతే మోస్తుంది. గాలి తగ్గితే పక్కగోడ ఎక్కువగా వంగుతుంది, వంగినకొద్దీ వేడెక్కుతుంది, ఆ వేడికే ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల పొర) ఊడిపోతుంది. గాలిని బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. పెద్ద లోడ్ రేంజ్‌కు మారేవారు రిమ్ము, వాల్వు కూడా ఆ ఒత్తిడికి తట్టుకునేవేనా అని నిర్ధారించుకోవాలి. నేను రబ్బరు వాల్వులు తీయించి లోహపువి పెట్టించాను.

సైజు సరిపోయిందని కారు టైర్లు తెచ్చి ట్రైలర్‌కు బిగించడం నాకు సమ్మతం కాదు. రెండు ఇరుసుల ట్రైలర్ ఇరుకు మలుపు తిరిగేటప్పుడు టైర్లు పక్కకు ఈడ్చుకుపోతాయి. ఆ ఈడ్పును తట్టుకునేందుకే ఎస్‌టీ టైర్ల పక్కగోడలు గట్టిగా ఉంటాయి. అదే ఎస్‌టీ టైర్లను మోటార్‌హోమ్‌కు (సొంత ఇంజను ఉన్న ఇంటి బండికి) మాత్రం వేయకూడదు, అవి స్టీరింగు చక్రాలకూ, ఇంజను తిప్పే చక్రాలకూ ఉద్దేశించినవి కావు. వేగం విషయానికి వస్తే, పక్కగోడ మీద వేగాన్ని సూచించే ఎల్ అక్షరం ఉన్న టైరుకు పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. వేగం అక్షరమే లేని పాత ఎస్‌టీ టైర్లను దాదాపు 105 దాటించకూడదు.

ఒకే వైపున్న రెండు టైర్లలో ఒకటి పేలితే, బండి ఆగేలోపు పక్క టైరు రెండింటి బరువూ మోస్తుంది. పైకి ఏమీ కనిపించకపోయినా దానిని విప్పి లోపల పరీక్షించాలి, సందేహం ఉంటే రెండూ మార్చేయాలి.

కొత్త టైర్లతో బయలుదేరి 80 కిలోమీటర్లు వెళ్లాక ఆగి, టార్క్ రెంచ్‌తో (బిగింపును కొలిచే పానాతో) నట్లన్నీ మళ్లీ బిగించాను. ఎడమ వెనుక చక్రంలో రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.