ఎడమ అంటే కుడికి

నిద్ర పట్టడం లేదు. పొద్దున ఆ సైకిలతను విసుక్కున్న తీరే కళ్లముందు ఆడుతోంది.

అమ్మా, నేనూ, చిన్నదీ ఇక్కడ అమెరికాలో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో డబ్ల్యూ అండ్ ఓడీ బాట ఎక్కాం, నడిచేవాళ్లకీ సైకిళ్లకీ వేసిన బాట అది. పాత రైలుదారి కదా, పెద్ద ఎత్తుపల్లాలుండవు. అమ్మ మోకాళ్లకి ఇదొక్కటే నప్పింది. షర్లింగ్‌టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా 45 మైళ్లుంది, మేం నడిచేది రెండు. "ఇక్కడ రైలెప్పుడు ఆగిపోయిందే?" అంది. 1968లో అన్నాను. అంతే, మన శ్రీకాకుళం వైపు నౌపడ చిన్న రైలు కబుర్లు మొదలయ్యాయి.

రెండున్నర అడుగుల పట్టాల మీద పొగబండి. ఎండాకాలం సెలవులకి టెక్కలిలో ఎక్కి పాతపట్నంలో దిగేవాళ్లం, తాతగారింటికి. కిటికీలోంచి తల బయట పెట్టొద్దని అమ్మ ఎంత చెప్పినా వినేదాన్ని కాదు. ఓసారి కంట్లో బొగ్గు నలక పడింది. నేను ఏడుస్తుంటే పైటచెంగు ఉండలా చుట్టి, నోటితో ఆవిరి ఊది, కంటికి అద్దింది. ఒకసారి కాదు, పాతపట్నం వచ్చేదాకా అద్దుతూనే ఉంది. ఆ వెచ్చదనం ఇప్పటికీ గుర్తే. 2004లో ఆ రైలు ఆపేసి పెద్ద పట్టాలు వేశారు. 2011 నుంచి పెద్ద రైలే.

సరిగ్గా ఇది చెప్పుకుంటుండగా వెనక నుంచి "ఆన్ యువర్ లెఫ్ట్!" అని ఓ సైకిలతను కేక, మీ ఎడమపక్క నుంచి దాటిపోతున్నా అని. అమ్మకి లెఫ్ట్ అన్న ముక్కే అందింది, పాపం ఎడమకే జరిగింది. అతను సడెన్ బ్రేకు వేసి, కుడిపక్కన నడవాలని తెలీదా అని గసిరి వెళ్లిపోయాడు. అమ్మ వాడి వీపుకి "సారీ" చెప్పింది. అది నాకు కారం రాసినట్టయింది. డెబ్బై ఏళ్ల మనిషి కనబడుతోంటే వేగం తగ్గించడానికేం? గంట కొడితే ఏ భాషవాళ్లకైనా అర్థమవుతుంది కదా! ఇంటికొచ్చాక ఈయన దగ్గర అరగంట తిట్టాను. వంట చేస్తూ తిట్టాను.

ఇదంతా రాస్తుంటే ఇప్పుడు తడుతోంది. ముగ్గురం చేతులు పట్టుకుని బాటంతా పరుచుకుని నడుస్తున్నాం. ఎడమ అంచున నేనే ఉన్నాను. అతను కేకైతే వేశాడు. ఆ కేకకి అర్థమేమిటో అమ్మకి చెప్పాల్సింది నేను, ఆవిడ వచ్చి రెండు నెలలైనా చెప్పలేదు. అయినా ఆ గసురుడు మాత్రం తప్పే.

పడుకునే ముందు అమ్మే అడిగింది: "వాడు ఎడమ అంటే మనం కుడికి జరగాలి, అంతేనా?"

అంతే అన్నాను. రేపు ఇదే బాట మీదున్న హెర్న్‌డన్ పాత రైలు స్టేషన్ దగ్గరి ఎర్ర గార్డు పెట్టె చూపించమంది. కారులో వెళ్లి, అక్కణ్ణుంచి నడుస్తాం.