గోడ మందం చెప్పే ప్రతిధ్వని
ఈరోజంతా పైపులైన్ గోడ మందాన్ని అల్ట్రాసోనిక్ పరికరంతో కొలవడంలోనే గడిచింది. ఉక్కులో సెకనుకు సుమారు 5,900 మీటర్ల వేగంతో సాగే ధ్వని, లోపలి అంచును తాకి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని ఆ వేగంతో గుణించి సగం చేస్తే మందం తెలుస్తుంది. లెక్క సులువే గానీ, రంగు పూత మాయలమారి: అందులో ధ్వని నెమ్మదిస్తుంది కనుక, ఒకే ప్రతిధ్వనిని నమ్ముకుంటే పూత మందం కూడా, అదీ రెట్టింపుకు మించి, ఉక్కు ఖాతాలో చేరిపోతుంది. అందుకే ఉక్కు గోడలో మళ్లీ మళ్లీ తిరిగి వరుసగా వచ్చే రెండు ప్రతిధ్వనుల మధ్య సమయాన్నే తీసుకున్నాను; అందులో పూత లెక్కకు రాదు. వంపు వద్ద జెల్ రాసి, ధ్వనిని పంపి అందుకునే ప్రోబును బయటి వైపున కొద్దికొద్దిగా జరుపుతుంటే, 7.1 దగ్గర నిలకడగా ఉన్న అంకె ఒక్కచోట 5.4 మిల్లీమీటర్లకు పడిపోయింది. ఒకే బిందువును కొలిచి సంతకం పెట్టే పద్ధతి నాకు ఇందుకే నచ్చదు. చుట్టూ గళ్లు గీసి మళ్లీ కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకెనే నివేదికలో రాశాను.