గోడ అవతల ఏముంది నాన్నా?

మా వాడికి పదకొండేళ్లు. డల్లాస్‌లోనే పుట్టాడు. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తాడు. వీడియోగేమ్ గెలవడం మీద వాడికి పెద్దగా ధ్యాస ఉండదు. బొమ్మను ఏ గోడ దగ్గరికో తీసుకెళ్లి, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని అరగంట సేపు దాని వెంబడే నడిపిస్తాడు. చాలాకాలం నేను విసుక్కున్నాను. ఆడితే సరిగ్గా ఆడు, లేకపోతే కట్టెయ్ అనేవాణ్ణి.

ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకుని మైన్‌క్రాఫ్ట్ అనే గేమ్‌లో, ఘనాకారపు బ్లాకులతో కట్టిన ప్రపంచం చివర చూపించాడు. మధ్య నుంచి ఎటు వెళ్లినా దాదాపు 3 కోట్ల బ్లాకుల దూరంలో నీలం చారలు కదిలే గోడ ఒకటి అడ్డొస్తుంది. పాత వెర్షన్లలో అంతకంటే చాలా ముందే ఒక వింత ఉండేదట. 1,25,50,821వ బ్లాకు దగ్గర నేలను పుట్టించే లెక్క తప్పేది. కంప్యూటర్ ఆ లెక్కకు ఇచ్చిన 32 బిట్ల చోటులో పట్టనంత పెద్ద సంఖ్య రావడంతో కొండలూ మైదానాలూ ఉండాల్సిన చోట చిల్లులు పడ్డ రాతిగోడ ఆకాశం దాకా లేచేది. ఎవరూ కావాలని కట్టింది కాదు. ఫార్ ల్యాండ్స్ అని దానికి పేరు. 2011 సెప్టెంబరు అప్‌డేట్‌తో అది పోయింది. కానీ అదే ఏడాది మార్చిలో కర్ట్ జె. మ్యాక్ అనే అమెరికన్ అక్కడికి కాలినడకన బయల్దేరాడు. పాత వెర్షన్‌లోనే ఏళ్ల తరబడి నడుస్తూ, ఆసుపత్రుల్లో ఉన్న పిల్లల కోసం విరాళాలు పోగుచేశాడు. ఇదంతా మా వాడు ఇంగ్లీషులోనే చెప్పాడు గానీ, 'గోడ', 'సందు' మాత్రం తెలుగులోనే అన్నాడు. నేను విసుక్కుంటూ వాడిన మాటలే అవి.

తెనాలిలో మా పెదనాన్నగారింట్లో టీవీకి తగిలించి నేనూ మారియో ఆడినవాణ్ణే. అందులో 1-2 అనే లెవెల్ చివర గోడలోంచి దూరితే మైనస్ వన్ అనే చోటికి పోవచ్చని వీడు చెబితేనే తెలిసింది. అంతా నీళ్లు. చివరి గొట్టంలో దూరినా మళ్లీ మొదటికే వస్తాం. టైమ్ అయిపోయేదాకా ఈదడమే. ఆ గోడ పక్కనుంచి నేను వందసార్లు వెళ్లి ఉంటాను.

పోయిన వేసవిలో తెనాలి వెళ్లాం. రెండో రోజే వంటింటి అటక కేసి చూసి, "పైన ఏముంది?" అన్నాడు. దుమ్ము తప్ప ఏముంటుందిరా అన్నాను. మా అమ్మ మాత్రం వెంటనే నిచ్చెన తెప్పించింది. వాడు బూజు దులుపుకుంటూ ఒక్కొక్కటే కిందికి అందించాడు. ఇత్తడి గంగాళం, పొడుగాటి కవ్వం, తాళ్లు తెగిన ఉయ్యాలబల్ల.

"ఇది ఎందుకు పైన పెట్టావు నాన్నమ్మా?"

నాన్నమ్మకు ఇంగ్లీషు రాదు. వాడి నోట అంత పొడుగు తెలుగు వాక్యం నేను వినడం అదే మొదటిసారి.

"మీ నాన్న దీని మీంచి పడి గడ్డం పగలగొట్టుకున్నాడు నాన్నా. ఆ రోజే తీయించేశా."

ఆ మచ్చ సైకిల్ మీంచి పడితే వచ్చిందని నేను ఇన్నేళ్లూ అనుకుంటున్నాను. వాడు దిగొచ్చి నా గడ్డం కింద వేలితో తడిమి చూశాడు. తర్వాత మళ్లీ నిచ్చెనెక్కి, ఇంకా లోపల మూలన ఏదో ఉంది, టార్చి ఇవ్వమన్నాడు.